దీవికి చేర్చడం సగం పనే

2014లో న్యూజిలాండ్ దక్షిణపు కొసన, ఫెనువా హో అనే చిన్న దీవిలో, లీసా అనే చిలుక తను పొదుగుతున్న గుడ్డునే పొరపాటున తొక్కేసింది. పెంకు నుజ్జయింది. లోపలి పొర మాత్రం చిరగలేదు. ఇంకెక్కడైనా అయితే ఆ గుడ్డు కథ అక్కడికి ముగిసేది. కానీ ఆ ఏడాదికి ఈ జాతి చిలుకలు ప్రపంచం మొత్తం మీద 125కు అటూ ఇటూగా ఉన్నాయి. అంతకు ముందు మూడేళ్లుగా ఒక్క పిల్ల కూడా పుట్టలేదు. అందుకని అక్కడ పనిచేసే రేంజర్లు ఆ గుడ్డుకి జిగురు రాసి, కాగితపు టేపు అతికించి, ఇంక్యుబేటర్‌లో పెట్టి, రోజూ కనిపెట్టుకుని ఉన్నారు. ఫిబ్రవరి నెలాఖరున అందులోంచి పిల్ల బయటికి వచ్చింది. దానికి రువాపుకే అని పేరు పెట్టారు.

ఈ చిలుక పేరు కాకాపో. ప్రపంచంలో ఎగరలేని చిలుక ఇదొక్కటే. చిలుకలన్నిటిలోకీ బరువైనదీ ఇదే. మగది రెండు కిలోలు దాటుతుంది, బాగా తిన్నది నాలుగు కిలోల దాకా కూడా తూగుతుంది. నాచు రంగు ఈకలు, గుడ్లగూబకి ఉన్నట్టు గుండ్రటి ముఖం, ముఖం చుట్టూ మీసాల్లాంటి సన్నని ఈకలు. పగలు పడుకుని రాత్రి తిరుగుతుంది. ఎగరలేకపోయినా గట్టి కాళ్లతో మైళ్లు నడుస్తుంది, చెట్లు ఎక్కుతుంది.

అంతరించిపోతున్న పక్షుల్ని పట్టుకుని, శత్రువులు లేని దీవికి చేర్చి, అక్కడ గుడ్లూ పిల్లలూ కాపాడి పెంచడం అనే పనిని న్యూజిలాండ్ వాళ్లు చేసినంత ఓర్పుగా మరెవరూ చేయలేదు. వినడానికి తేలికగానే ఉంటుంది. పక్షిని పడవెక్కించి దింపితే సరిపోదా అనిపిస్తుంది. అసలు పని దింపిన తర్వాత మొదలవుతుంది. ఆ పనిలో అన్నిటికంటే కష్టమైనది, మనిషి చెయ్యి ఎక్కడ అవసరమో, ఎక్కడ ఆ చెయ్యే పక్షికి చేటవుతుందో తెలుసుకోవడం. దానికి వాళ్లకి వందేళ్లకు పైగా పట్టింది.

ముందు, ఈ పక్షికి ఆపద ఎందుకొచ్చిందో చూద్దాం. న్యూజిలాండ్ భూభాగం కోట్ల ఏళ్లుగా మిగతా ఖండాలకు దూరంగా ఉంది. గబ్బిలాలు తప్ప నేల మీద తిరిగే పాలిచ్చే జంతువులు అక్కడ సహజంగా లేవు. పిల్లి లేదు, ఎలుక లేదు, నక్క లేదు. పక్షికి భయమంటూ ఉంటే అది ఆకాశం నుంచే: డేగలు, గద్దలు. అవి కంటితో చూసి వేటాడతాయి. కాబట్టి ఆపద వస్తే కదలకుండా బిగుసుకుపోయి నిలబడడమే కాకాపో నేర్చుకున్న ఉపాయం. నాచు రంగు ఒళ్లు అడవిలో కలిసిపోతుంది, డేగ కళ్లు మోసపోతాయి. ముక్కుతో వేటాడే జంతువు దగ్గర మాత్రం ఈ ఉపాయం సాగదు. పైగా కాకాపో ఒంటికి ఒక ఘాటైన తియ్యటి వాసన ఉంటుంది. గూడు నేల మీదే, చెట్టు వేళ్ల కిందో బండ సందులోనో. మగది గూటి వంక చూడదు. ఆడదొక్కటే నెల రోజులు పొదుగుతుంది, రాత్రి మేతకి పోక తప్పదు. అది తిరిగి వచ్చేదాకా గుడ్లకి కాపలా లేదు.

13వ శతాబ్దం ప్రాంతంలో మావోరీలు పడవల్లో వచ్చినప్పుడు వాళ్లతో కుక్కలూ ఒక రకం చిన్న ఎలుకా వచ్చాయి. తర్వాత యూరపువాళ్ల ఓడల్లో పెద్ద ఎలుకలు, పిల్లులు దిగాయి. అన్నిటికీ మించిన దెబ్బ 1880ల్లో పడింది. మాంసం కోసం తెచ్చి వదిలిన కుందేళ్లు పొలాలు తినేస్తుంటే, కుందేళ్లని చంపడానికని స్టోట్లని తెచ్చి వదిలారు. స్టోట్ మన ముంగిసని పోలిన సన్నటి వేట జంతువు; ఏ బొరియలోకైనా దూరుతుంది, చెట్టెక్కుతుంది, ఈదుతుంది. ఇవి పక్షుల్ని మిగల్చవని పక్షుల సంగతి తెలిసినవాళ్లు ముందే మొత్తుకున్నారు. రైతుల ఒత్తిడి ముందు ఆ మాట చెల్లలేదు.

దీవి ఆలోచన కూడా అప్పుడే పుట్టింది. 1894లో ప్రభుత్వం రిచర్డ్ హెన్రీ అనే ఆయన్ని రిజల్యూషన్ దీవికి సంరక్షకుడిగా నియమించింది. దేశానికి నైరుతి మూల, ఫియోర్డ్‌లాండ్ అనే కొండల సీమలో, డస్కీ సౌండ్ అనే సముద్రపు పాయలో ఉన్న పెద్ద దీవి అది. వాన, చలి, ఈగలు, మనుషుల అలికిడి లేని ఒంటరితనం. హెన్రీ దగ్గర ఒక చిన్న పడవ, కుక్క ఉండేవి. కుక్క వాసన పట్టి పక్షి దగ్గరికి తీసుకెళ్తుంది; అది పక్షిని కరవకుండా మూతికి చిక్కం కట్టేవాడు. దొరికిన కాకాపోల్నీ కివీల్నీ బోనుల్లో పెట్టి, పడవలో తెడ్డు వేసుకుంటూ దీవికి తెచ్చి వదిలేవాడు. కొన్నేళ్లలో ఐదు వందలకు పైగా పక్షుల్ని అలా దాటించాడు. పనితో పాటు గమనించి రాసుకునేవాడు. కాకాపో ఏటా గుడ్లు పెట్టదని, ఏదో ఒక సంవత్సరం మాత్రమే పెడుతుందని గుర్తించినవాళ్లలో ఆయన మొదటివరుసలో ఉంటాడు. ఆ గమనిక విలువ మరో వందేళ్లకు గానీ పూర్తిగా తెలియలేదు.

1900లో ఆ దీవిలో స్టోట్ కనిపించింది. ఒడ్డుకీ దీవికీ మధ్య నీరు తక్కువ దూరమే. స్టోట్లు ఒక కిలోమీటరు పైగా ఈదగలవని ఇవాళ మనకి తెలుసు. ఆ రోజుల్లో దీవిని ఎంచినవాళ్లకి తెలియదు. హెన్రీ ఇంకొన్నేళ్లు అక్కడే ఉండి, 1908లో ఆ ప్రాంతం వదిలి వెళ్లిపోయాడు. ఆయన మోసుకొచ్చిన కాకాపోలు ఒక్కటీ మిగల్లేదు. ఈ పనిలో మొదటివాడు ఆయనే, అందరికంటే ఎక్కువ కష్టపడ్డవాడూ ఆయనే. ఆయన పద్ధతి తప్పు కాదు. నీటి వెడల్పు చాలలేదు, అంతే.

ఆ తర్వాత యాభై అరవై ఏళ్లు పెద్దగా ఏమీ జరగలేదు. ఎలుకలు పక్షిజాతుల్ని తుడిచిపెట్టగలవన్న మాటని చాలామంది శాస్త్రజ్ఞులే నమ్మలేదు. నమ్మించినది 1964. రాకియూరా (స్టీవర్ట్ దీవి) పక్కన ఉన్న బిగ్ సౌత్ కేప్ అనే దీవిలోకి ఓడ ఎలుకలు జొరబడ్డాయి. వేరే చోట అంతరించిన పక్షులు కొన్ని ఆ దీవిలోనే మిగిలి ఉన్నాయి. వైల్డ్‌లైఫ్ సర్వీస్ నుంచి డాన్ మెర్టన్, బ్రయన్ బెల్ తదితరులు హుటాహుటిన వెళ్లి, దక్షిణ దీవి సాడిల్‌బ్యాక్ అనే పక్షులు 36ని పట్టి పక్కనున్న చిన్న దీవులకి చేర్చారు. అవి బతికాయి, ఆ జాతి ఇవాళ ఉందంటే ఆ 36 వల్లే. అదే దీవిలో ఉన్న బుష్ రెన్ అనే బుల్లి పిట్టని, ఒక రకం ఉల్లంకి పిట్టని, ఒక పెద్ద గబ్బిలాన్ని దక్కించుకోలేకపోయారు. మూడూ శాశ్వతంగా పోయాయి. ఎలుకల సంగతి మీద వాదన ఆ దెబ్బతో ముగిసింది.

కాకాపో విషయానికొస్తే, 1970ల మొదటికి ఫియోర్డ్‌లాండ్ కొండల్లో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. దొరికినవన్నీ మగవే. ఆడది లేని జాతికి భవిష్యత్తు లేదని చాలామంది ఆశ వదులుకున్నారు. 1977లో రాకియూరా దీవి దక్షిణాన కొత్త గుంపు బయటపడింది. 1980లో అక్కడ ఆడ పక్షి కూడా ఉందని తేలింది. ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఆ దీవిలో ఇళ్ల నుంచి అడవి పట్టిన పెంపుడు పిల్లులున్నాయి. గుర్తు పెట్టి గమనిస్తున్న పెద్ద పక్షుల్లో సగానికి పైగా ఒక్క ఏడాదిలో వాటికి బలవుతున్నాయి. ఇక ఆలోచించే సమయం లేదు. 1980, 1997 మధ్య దొరికిన ప్రతి పక్షినీ, మొత్తం 61ని, పట్టుకుని పిల్లులూ స్టోట్లూ లేని దీవులకి తరలించారు: దక్షిణాన ఫెనువా హో, ఉత్తరాన హౌతురు, మధ్యలో మాడ్ దీవి. విత్తనాలన్నీ ఒకే గాదెలో పోయకుండా నాలుగు చోట్ల దాచినట్టు. ఫియోర్డ్‌లాండ్ నుంచి మాత్రం ఒకే ఒక్క ముసలి మగపక్షి మిగిలింది. దానికి రిచర్డ్ హెన్రీ అని పేరు పెట్టారు.

1995 వచ్చేసరికి లెక్క 51. పిల్లులు లేవు, స్టోట్లు లేవు, అయినా సంఖ్య పెరగడం లేదు.

ఎందుకంటే ఆ దీవుల్లో కొన్నింట మావోరీల కాలం నాటి చిన్న ఎలుక ఇంకా ఉంది. అది పెద్ద పక్షిని ఏమీ చేయలేదు కానీ గుడ్డునీ అప్పుడే పుట్టిన పిల్లనీ వదలదు. ఎలుకల్ని ఏరివేసేలోగా గూళ్లకి మనుషులు కాపలా కాయాల్సి వచ్చింది. గూటికి కాస్త దూరంలో గుడారం వేసుకుని వాలంటీర్లు రాత్రంతా మేలుకుని కెమెరా తెర మీద గూటిని చూసేవాళ్లు. తల్లి మేతకి బయల్దేరగానే గూటి నోటి దగ్గరున్న పరికరం వల్ల గుడారంలో గంట మోగుతుంది. గుడ్లు చల్లబడకుండా పైన వెచ్చటి పట్టీ కప్పి వస్తారు. ఎలుక గూటి వైపు వస్తే గుడారంలోంచే మీట నొక్కితే గూటి దగ్గర చిన్న టపాకాయ లాంటిది పేలి ఎలుకని బెదరగొడుతుంది. తల్లి వచ్చే అలికిడి కాగానే అన్నీ సర్దుకుని జరిగిపోవాలి. తడిసిన అడవిలో, గడ్డకట్టే చలిలో, వారాల తరబడి ఇదే పని. కాకాపో ఇవాళ ఉండడంలో పేరు తెలియని ఆ వాలంటీర్ల వాటా చాలా పెద్దది. వాళ్ల గురించి రాసేవాళ్లు తక్కువ.

1998లో ఫెనువా హో నుంచి ఎలుకల్ని పూర్తిగా ఏరివేశారు. దీవిలో ఉన్న కాకాపోల్ని ముందే వేరే దీవికి మార్చి, విషపు ఎర చల్లి, ఎలుక ఒక్కటీ లేదని తేలాక మళ్లీ తెచ్చారు. ఈ పద్ధతి ఇప్పుడు చాలా మెరుగుపడింది. హెలికాప్టర్ కింద వేలాడే తొట్టిలోంచి, ఉపగ్రహ సూచనలు చూసుకుంటూ, దీవిలో అంగుళం కూడా వదలకుండా ఎర పడేలా వేస్తారు. 2001లో క్యాంప్‌బెల్ దీవిలో 11,300 హెక్టార్ల మీద 120 టన్నుల ఎర ఇలా చల్లి, శతాబ్దంన్నర పైగా తిష్ఠ వేసిన ఎలుకల్ని లేకుండా చేశారు. విషం వాడడం బాధగానే ఉంటుంది. కొన్ని వేరే పక్షులు కూడా దానికి బలవుతాయి. కానీ తొంభై తొమ్మిది పాళ్లు ఎలుకలు పోతే ఆ పని జరగనట్టే. చూలుతో ఉన్న ఒక్కటి మిగిలితే చాలు.

ఆ ఒక్కటి సంగతేమిటో తెలుసుకోవడానికి 2004లో ఆక్లండ్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. మెడకి రేడియో పట్టీ కట్టిన ఒక ఎలుకని, ఎలుకలే లేని తొమ్మిది హెక్టార్ల బుల్లి దీవిలో వదిలిపెట్టారు. ఎక్కడుందో రేడియో చెబుతుంది కాబట్టి పట్టడం తేలికే అనుకున్నారు. బోన్లు, ఎరలు, కుక్కలు అన్నీ ప్రయోగించారు. అది 18 వారాల పాటు ఎవరికీ చిక్కలేదు. మధ్యలో నాలుగు వందల మీటర్ల సముద్రాన్ని ఈది పక్క దీవికి చేరింది. చివరికి పెంగ్విన్ మాంసం ఎర పెట్టిన బోనులో పడింది. ఒక్క ఎలుక, రేడియోతో సహా, నిపుణుల బృందాన్ని నాలుగు నెలలు తిప్పిందంటే, పడవ అడుగున దాక్కుని వచ్చే పేరులేని ఎలుక సంగతి ఊహించుకోవచ్చు.

అందుకే ఫెనువా హోకి వెళ్లడానికి ప్రత్యేక అనుమతి ఉండాలి. మూటలన్నీ బయల్దేరే ముందు మూసిన గదిలో విప్పి వెతుకుతారు. చెప్పుల అట్టలో ఇరుక్కున్న గడ్డి గింజ, గుడారం మడతలో సాలీడు, బియ్యం డబ్బా మూతలో చీమ, ఏది కనబడినా ఆగాల్సిందే. నీటి మధ్యన ఉండటం వల్ల దీవి భద్రంగా ఉంటుందనేది సగం నిజం. ఏ రోజుకారోజు ఇలా వెతకడం వల్లే అది భద్రంగా ఉంటుంది.

ఇక పెంపకం. కాకాపో రెండేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి గుడ్లు పెడుతుందని హెన్రీ చూశాడు కదా. కారణం రిము అనే చెట్టు. కొన్ని సంవత్సరాల్లో మాత్రమే అది విరగకాస్తుంది. ఆ ఏడాది అడవి మొత్తం పండుతుందని కాకాపోలు ముందే పసిగట్టి జతకడతాయి. మగవి కొండ మీద నేలలో గుంట తవ్వుకుని, అందులో కూర్చుని ఛాతీ ఉబ్బించి, రాత్రంతా లోతైన మోత మోగిస్తాయి. ఐదు కిలోమీటర్ల దూరం దాకా వినపడే ఆ మోత రెండు మూడు నెలలు సాగుతుంది. ఆడవి విని, నచ్చిన చోటికి నడిచి వెళ్తాయి.

కాయలు తక్కువైన ఏడాది కూడా గుడ్లు పెడతాయేమోనని 1980ల చివర్లో అదనపు మేత పెట్టడం మొదలెట్టారు. పక్షులు బాగా తిని ఒళ్లు చేశాయి. గుడ్లు పెట్టాయి కూడా. కానీ పిల్లల్ని లెక్కపెడితే మగవే ఎక్కువ వచ్చాయి. ఆడవి కరువైన జాతికి ఇది పెద్ద దెబ్బ. బలంగా ఉన్న తల్లికి మగపిల్లలు, బక్కచిక్కిన తల్లికి ఆడపిల్లలు ఎక్కువ పుట్టడం కొన్ని జంతువుల్లో కనిపించే సంగతే. బలమైన మగది చాలా జతలు కట్టగలదు, బలహీనమైన మగదానికి ఒక్కటీ దొరకదు, కాబట్టి ప్రకృతి లెక్క అలా కుదిరింది. మేత ఎక్కువ వేయడం వల్లే ఇలా అయిందని గ్రహించాక, ప్రతి పక్షినీ తూచి, దాని బరువుని బట్టి మేత కొలిచి పెట్టసాగారు. గుడ్లు పెట్టే శక్తి రావాలి, ఒళ్లు మాత్రం పెరగకూడదు. ఆ తర్వాత ఆడా మగా సమంగా పుట్టాయి. 2002లో రిము బాగా కాసింది. 24 పిల్లలు బతికి, జాతి సంఖ్య 86కు చేరింది. ఒక గుప్పెడు మేత ఎక్కువ పెట్టడం, తక్కువ పెట్టడం మధ్య ఒక జాతి బతుకు తేలుతుందని అప్పుడు అర్థమైంది.

మరో పాఠం సిరోకో నేర్పింది. 1997లో పుట్టిన ఈ మగపిల్లకి మూడు వారాల వయసులో ఊపిరి జబ్బు చేసింది. గూటి నుంచి తీసి ఒంటరిగా మనుషులే పెంచారు. బతికింది, పెరిగింది. కానీ తన జాతి ఏదో దానికి తెలియలేదు. అడవిలో వదిలితే మనుషుల గుడిసె దగ్గర, బాట పక్కన గుంట తవ్వుకుని మనుషుల కోసం మోత మోగించేది. ఆడ కాకాపో వంక చూడదు. 2009లో బీబీసీ కోసం చిత్రీకరిస్తున్న జంతుశాస్త్రజ్ఞుడు మార్క్ కార్వర్డైన్ తల మీదికెక్కి జతకట్టబోయింది. ఆ దృశ్యం ప్రపంచమంతా చూసి నవ్వింది. మరుసటి ఏడాది న్యూజిలాండ్ ప్రధాని జాన్ కీ దాన్ని పక్షుల తరఫు ప్రతినిధిగా ప్రకటించారు. దానివల్ల ఎంతో ప్రచారం, ఎంతో సాయం వచ్చింది, నిజమే. నాకు మాత్రం ఆ దృశ్యం చూస్తే నవ్వు రాదు. తోడు కోసం రాత్రంతా మోగే ఒక పక్షి, తన తోటి పక్షిని గుర్తుపట్టలేకపోవడం అందులో ఉంది. ఇప్పుడు చేతిపెంపకం తప్పనిసరైతే పిల్లల్ని గుంపుగా ఉంచి పెంచుతారు. వీలైనంత త్వరగా గూటికి చేరుస్తారు. సొంత తల్లే కానక్కర్లేదు. వేరే తల్లి గూట్లో పెట్టినా అది పెంచుకుంటుంది. గుడ్లని ఇంక్యుబేటర్‌కి తీసుకెళ్లినప్పుడు తల్లి కింద ఉత్తుత్తి గుడ్డు పెట్టి, పిల్ల బయటికొచ్చాక తిరిగి తెచ్చి ఇస్తారు.

ఇదే దేశంలో జరిగిన మరో కథ ఇంకా లోతైనది. చాథమ్ దీవుల్లో బ్లాక్ రాబిన్ అనే నల్లటి చిన్న పిట్ట ఉంది. 1976లో ఏడే ఏడు మిగిలితే వాటిని లిటిల్ మాంగరె అనే కొండ దిబ్బ నుంచి పక్కనున్న మాంగరె దీవికి మార్చారు. అక్కడ అడవి చాలక, వాలంటీర్లు లక్షా ఇరవై వేల చెట్లు నాటారు. పక్షిని తేవడం ఒక ఎత్తు, పక్షి కోసం అడవిని తేవడం ఒక ఎత్తు. 1980కి ఐదే మిగిలాయి. వాటిలో గుడ్లు పెట్టి పిల్లల్ని చేయగలిగింది ఓల్డ్ బ్లూ అనే ఒక్క ఆడపిట్ట. డాన్ మెర్టన్ బృందం దాని గుడ్లు తీసి వేరే జాతి పిట్టల గూళ్లలో పెట్టింది. గుడ్లు పోయాయనుకుని ఓల్డ్ బ్లూ మళ్లీ పెట్టేది. ఇవాళ ఉన్న సుమారు 250 బ్లాక్ రాబిన్లన్నీ ఆ ఒక్క తల్లి సంతానమే.

అయితే ఆ రోజుల్లో కొన్ని పిట్టలు గుడ్డుని గూటి మధ్యలో కాక అంచు మీద పెట్టేవి. అంచు మీది గుడ్డుని తల్లి పొదగదు, అది పాడైపోతుంది. ఒక్కో గుడ్డూ బంగారమైన రోజులు కాబట్టి కాపలాదారులు వాటిని మెల్లగా లోపలికి తోసేవాళ్లు. ఎవరున్నా అదే చేస్తారు. కానీ అంచున పెట్టే అలవాటు పుట్టుకతో వచ్చేది. మనిషి చెయ్యి పెట్టకపోతే ఆ తల్లులకి పిల్లలుండరు, అలవాటు అంతటితో పోతుంది. చెయ్యి పెట్టడంతో ఆ పిల్లలు బతికి, ఆ అలవాటునీ తరవాతి తరానికి మోశాయి. పదేళ్లు తిరక్కుండానే సగానికి పైగా ఆడపిట్టలు గూటి అంచున గుడ్లు పెడుతున్నాయి. ఇలాగే సాగితే మనిషి లేకుండా బతకలేని జాతి తయారయ్యేది. అది గ్రహించి చేతులు వెనక్కి తీసుకున్నారు. కళ్ల ముందు గుడ్డు పాడైపోతుంటే చూస్తూ ఊరుకున్నారు. తర్వాతి సంవత్సరాల్లో ఆ అలవాటు బాగా తగ్గిపోయింది. ఒక్కో గుడ్డు కోసం దీవికొచ్చినవాళ్లు గుడ్డుని వదిలేయడానికి ఎంత గుండె చిక్కబట్టుకుని ఉంటారో. ఈ మొత్తం చరిత్రలో నేను అందరికంటే గౌరవించేది ఆ నిర్ణయాన్నే.

మళ్లీ కాకాపోకి. 2019లో రిము ఎన్నడూ లేనంతగా కాసింది. డెబ్బైకి పైగా పిల్లలు ఎదిగి గూళ్లు వదిలాయి. అదే ఏడాది గాలిలోని ఒక బూజు ఊపిరితిత్తుల్లో పట్టి 21 పక్షులు జబ్బుపడ్డాయి. దీవి నుంచి ఆస్పత్రులకి చేర్చినా తొమ్మిది పోయాయి. 2022లో లెక్క 252కి చేరింది. 51 నుంచి ఇక్కడికి రావడం మామూలు సంగతి కాదు. ప్రతి పక్షికీ ఒక పేరుంది. ప్రతి దాని వీపు మీదా చిన్న రేడియో ఉంది. ఎక్కడుందో, ఎవరితో ఎప్పుడు జతకట్టిందో చెబుతుంది. చాలావాటి జన్యుపటమూ చదివారు. గుడ్లలో దాదాపు సగం పిల్లలు కాకుండానే పోవడానికి దగ్గరి చుట్టరికం ఒక కారణం; అందుకే అరుదైన రక్తమున్న మగవాటి వీర్యాన్ని సేకరించి ఆడవాటికి అందిస్తారు. 2019లో దాన్ని దీవి ఈ కొస నుంచి ఆ కొసకి డ్రోన్ మీద పంపారు. మన ఫియోర్డ్‌లాండ్ ముసలి పక్షి రిచర్డ్ హెన్రీ 2010లో చనిపోయింది. కానీ 1998లో అది కన్న మూడు పిల్లల ద్వారా ఆ కొండల రక్తం ఇంకా పారుతోంది.

ఇక్కడొక మాట. మన దగ్గర కలివికోడి గురించి తెలిసినవాళ్లు, బట్టమేక పిట్ట గురించి బాధపడేవాళ్లు, మనమూ ఇలా ఎందుకు చేయకూడదని అడుగుతుంటారు. కలివికోడి 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్నాక 1986లో కడప జిల్లా ముళ్ల పొదల్లో మళ్లీ దొరికింది. కానీ తరలించాలంటే ముందు పక్షి ఎక్కడెక్కడ ఉందో, ఎన్నున్నాయో తెలియాలి. న్యూజిలాండ్ వాళ్లు రాకియూరాలో చేసిన మొదటి పని ఆ వెతుకులాటే. బట్టమేక పిట్టకి 2019 నుంచి రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర గుడ్లు సేకరించి పిల్లల్ని పెంచే కేంద్రం నడుస్తోంది. పిల్లలు పుడుతున్నాయి, పెరుగుతున్నాయి. ఒకప్పుడు ఈ పిట్టకి పేరుపడిన మన రోళ్లపాడులో ఇప్పుడది కనబడదు. అక్కడ చుట్టూ పచ్చిక బయళ్లు పొలాలయ్యాయి, కరెంటు తీగలు సాగాయి. బట్టమేక పిట్ట ఎగిరే పక్షి, మైళ్లకి మైళ్లు తిరుగుతుంది; దానికి దీవి పనికిరాదు. పెంచిన పిల్లల్ని రేపు ఎక్కడ వదలాలి అన్న ప్రశ్నకి జవాబు ఆ కేంద్రంలో లేదు, పచ్చిక బయళ్లలో ఉంది.

అదే ప్రశ్న కాకాపోకీ ఉంది. దీవులు నిండిపోతున్నాయి. పెద్ద మగవి తమ చోటు వదలవు, కొత్తవి కొట్లాడుకుంటాయి. 2023లో దశాబ్దాల తర్వాత మళ్లీ ప్రధాన భూభాగానికి, ఉత్తర దీవిలోని మౌంగతౌతరి కొండకి నాలుగు మగపక్షుల్ని తెచ్చారు. ఆ కొండ చుట్టూ 47 కిలోమీటర్ల కంచె ఉంది, లోపల స్టోట్ లేదు, పిల్లి లేదు. శత్రువు లోపలికి రాకుండా కట్టిన కంచె అది. కాకాపోలేమో చెట్లెక్కడంలో ఆరితేరినవి. కొన్ని ఎక్కి దాటేశాయి. రేడియో ఉంది కాబట్టి పట్టుకుని వెనక్కి తెచ్చారు.

ఇప్పుడు చూపు రాకియూరా వైపు ఉంది. పిల్లుల బాధ పడలేక కాకాపోల్ని ఖాళీ చేయించిన దీవి అది. లక్షా డెబ్బై వేల హెక్టార్లకు పైగా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం అడవే. 2016లో న్యూజిలాండ్ ప్రభుత్వం 2050 నాటికి దేశంలో ఎలుకలూ స్టోట్లూ పోసమ్ అనే జంతువులూ లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ పనిలో రాకియూరా ముందు వరుసలో ఉంది. ఇది మనుషుల్లేని దీవి కాదు. ఒబన్ అనే ఊళ్లో నాలుగు వందల మంది దాకా ఉంటారు. వాళ్లకి పెంపుడు పిల్లులున్నాయి, పడవలున్నాయి, జింకల వేట అలవాటు ఉంది. కాకాపోని తమ ఆస్తిగా, తోబుట్టువుగా చూసుకునే మావోరీల తెగ న్‌గాయ్ తహు పెద్దలు ఈ పనిలో భాగస్వాములు. ఏ దీవికి ఏ పక్షి వెళ్లాలన్నా వాళ్ల మాట ఉంటుంది. రేపు రాకియూరాలో ఎర చల్లాలన్నా, ఊళ్లో పిల్లుల సంగతి తేల్చాలన్నా, ముందు ఒబన్ ఊరి హాల్లో కూర్చుని ఆ నాలుగు వందల మందితో మాట్లాడుకోవాలి. ఆ మాటలు ఇప్పుడు నడుస్తున్నాయి.